అహ్మది మైదానంలో అక్క ఆడిన ఆట

బేస్‌బాల్ ఆటను నేను మొదటిసారి దగ్గరగా చూసింది భుజాన గ్యాస్ మాస్కు సంచి తగిలించుకుని. అది 2003 మార్చి నెలాఖరు. సరిహద్దు అవతల ఇరాక్‌లో యుద్ధం మొదలైంది. కువైట్‌లో ఎప్పుడు సైరన్ మోగుతుందో తెలియకుండా రోజులు గడుస్తున్నాయి. మేము అహ్మదిలో, చమురు బావుల పనులు చేసే ఒక కాంట్రాక్టు కంపెనీ క్లినిక్‌లో నర్సులం. మేము అంటే నేనూ, అక్కా.

అక్క అంటే తోబుట్టువు కాదు. మాది సఖినేటిపల్లి, ఆవిడది నరసాపురం. మధ్యలో గోదావరి. పంటు ఎక్కితే అటు ఒడ్డు ఆవిడది, ఇటు ఒడ్డు నాది. నేను ఉద్యోగంలో చేరిన రోజే "ఏ ఊరమ్మాయ్ మీది?" అని అడిగింది. చెప్పగానే "అయితే రేవు దాటితే మా చెల్లివే" అని నా పెట్టె అందుకుని గదిలోకి నడిచింది. అప్పటినుంచి నాకు అక్క. నలభై దాటిన మనిషి, పొడగరి, మగవాళ్ళ భుజాల్లాంటి వెడల్పాటి భుజాలు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగే చనువు మా డాక్టరు గారికి కూడా లేదు.

తొంభైలో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగినప్పుడు కూడా ఆవిడ ఇక్కడే ఉంది. అప్పుడు పనిచేస్తున్న ఆసుపత్రిలో మందులు అయిపోయేదాకా పనిచేసి, తర్వాత బస్సులో ఎడారి దాటి, జోర్డాన్‌లో గుడారాల్లో తలదాచుకుని, ఎలాగో విమానం ఎక్కి ఇల్లు చేరింది. దేశం కుదుటపడగానే మళ్ళీ వచ్చేసింది. అందుకే ఈసారి మనవాళ్ళు ఎక్కువగా ఉండే అబ్బాసియా పేటలో అందరూ ఇంటికి టికెట్ల కోసం పరుగులు పెడుతుంటే ఆవిడ మాత్రం విషవాయువు లోపలికి రాకుండా కిటికీలకు ప్లాస్టిక్ పట్టాలు కొట్టించి, అంచులకు టేపు వేయించి, తన పని తాను చేసుకుంటూ కూర్చుంది.

"నీకు భయం లేదా అక్కా?" అని అడిగాను ఒకసారి.

"భయం ఎందుకుండదే. ఉంటుంది. దాన్ని కూర్చోబెట్టి మనమే అన్నం పెడితే ఇంకా బలుస్తుంది. అలా వదిలెయ్, అదే పోద్ది" అంది.

మా క్లినిక్‌కి తరచుగా వచ్చే అమెరికన్ ఒకాయన ఉండేవాడు. డ్రిల్లింగ్ విభాగంలో పెద్ద ఫోర్‌మన్. అరవైకి దగ్గర పడ్డాడు, రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. అందరూ ఆయన్ని కోచ్ అని పిలిచేవారు. కంపెనీల్లో పనిచేసే విదేశీయులు కొన్ని జట్లుగా ఏర్పడి, చలి మొదలైనప్పటినుంచి ఎండలు ముదిరేదాకా శుక్రవారాల్లో బేస్‌బాల్ ఆడుకునేవారు. అందులో ఒక జట్టుకి ఈయన పెద్ద. ఆ ఏడాది సీజన్ ఇంకో రెండు మూడు ఆటలతో ముగుస్తుందనగా యుద్ధం వచ్చింది. ఆయన జట్టులో సగంమందిని వాళ్ళ కుటుంబాలు వెనక్కి రప్పించుకున్నాయి.

ఒక మధ్యాహ్నం అక్క ఆయన మోకాలికి కట్టు కడుతుంటే ఆయన తన తండ్రి సంగతి చెప్పాడు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికాలో డబ్బు తీసుకుని ఆడే పెద్ద జట్ల కుర్రాళ్ళంతా సైన్యంలో చేరిపోయారట. ఆట మాత్రం ఆగలేదు. వయసు మళ్ళినవాళ్ళూ, సైన్యం వద్దన్నవాళ్ళూ జట్లలో చేరారు. ఆయన తండ్రికి ఒక కాలు కాస్త పొట్టి. ఓడలు కట్టే చోట వడ్రంగి పని చేసేవాడు. సీజన్ చివరి వారాల్లో ఒక జట్టుకి మనుషులు చాలక, ఊళ్ళో బాగా ఆడతాడని పేరున్న ఈ కుంటి వడ్రంగిని పిలిచారు.

"ఒక్క ఆట ఆడాడు. మైదానం చివర నిలబడ్డాడు. బంతి ఆయన వైపు రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ పట్టుకున్నాడు" అన్నాడు కోచ్. "జనం లేని స్టేడియం, గెలిచినా ఓడినా లెక్కలేని ఆట. అయినా ఆయన బతికినన్నాళ్ళూ ఆ మధ్యాహ్నం గురించి చెప్పేవాడు."

అక్క కట్టు ముడి వేసి, "మరి శుక్రవారం మీరు ఆడుతున్నారా?" అని అడిగింది.

"అవతలి జట్టు ఫిలిప్పీన్స్ వాళ్ళది. వాళ్ళు ఎక్కడికీ పోలేదు. మేమే తగ్గాం. ఎంతమంది వస్తే అంతమందితో ఆడతాం. మీరు మందుల పెట్టె పట్టుకుని వచ్చి కూర్చుంటే నాకు ధైర్యం" అన్నాడాయన.

అక్కడ సెలవు శుక్రవారమే కనుక ఆ పొద్దున చర్చిలో ప్రార్థనకు వెళ్ళొచ్చి, అన్నాలు తిని, మధ్యాహ్నం క్లినిక్ వ్యానులో బయలుదేరాం. వ్యాను నడిపేది రాయచోటి మనిషి. క్రికెట్ అంటే ప్రాణం. సబ్హాన్‌లో గోదాముల వెనక ఖాళీ స్థలాల్లో శుక్రవారాలు క్రికెట్ ఆడేవాడు. ఆ వారం ఆయన జట్టులో కూడా ఎవరూ మిగలలేదు.

"ఆ పొద్దు మావోళ్ళు పదిమంది పోయినారు సిస్టరమ్మా ఊరికి. నాకు ఈడ ఉండే పర్మిటు, ఇఖామా, రెన్యూవల్‌లో ఉండాది, కదిలేదానికి ల్యా. సరే, ఆ బేసుబాలు ఏందో సూచ్చాం పద" అన్నాడు.

మైదానం అంటే గడ్డి కాదు. గట్టిగా తొక్కించిన ఇసుక నేల, ఒక మూల ఇనుప వల, వల ముందు బ్యాటు పట్టుకునేవాడి చోటు. అక్కడినుంచి వజ్రం ఆకారంలో మూడు మూలల మూడు ఇసుక మూటలు. వాటిని బేస్‌లు అంటారు. బంతిని కొట్టినవాడు ఆ మూడు బేస్‌లూ తాకుతూ మళ్ళీ మొదటి చోటుకి, అంటే హోమ్‌కి చేరితే ఒక పరుగు. డ్రైవరన్న కాసేపు చూసి, "ఇది మన బిళ్ళంగోడుకీ క్రికెట్‌కీ పుట్టిన బిడ్డమాదిరి ఉండాది" అని తేల్చేశాడు.

మైదానం పక్కన సామాన్లు పెట్టుకునే గోదాము ఉంది. దాని తలుపులకి ప్లాస్టిక్ పట్టాలు వేలాడదీసి ఉన్నాయి. సైరన్ మోగితే అందరూ అందులోకి పోవాలని అంపైర్ ముందే చెప్పాడు. ఆయన కెనడా మనిషి, కంపెనీలో భద్రతా అధికారి. మెడలో ఒకే ఈల. ఆటకీ అదే, ప్రమాదానికీ అదే.

కోచ్ జట్టుకి వచ్చినవాళ్ళు ఏడుగురే. తొమ్మిదిమంది లేకపోతే ఆట అవతలివాళ్ళదే అని నియమం. ఫిలిప్పీన్స్ జట్టు నాయకుడు ఒక ఎలక్ట్రీషియన్, బక్కపలచటి మనిషి, నవ్వు మొహం. ఆడకుండానే గెలిచామని ఇంటికి పోవడం ఆయనకి ఇష్టం లేదు. "ఎవరినైనా తీసుకోండి. ఇవాళ ఎవరొచ్చినా సరే" అన్నాడు.

కోచ్ మా వ్యాను వైపు చూశాడు. డ్రైవరన్న అప్పటికే చొక్కా చేతులు మడుస్తున్నాడు. ఎనిమిది అయ్యారు.

నేను మందుల పెట్టె తెరిచి దూది సర్దుకుంటున్నాను. పక్కన అక్క లేచి నిలబడింది. చున్నీ తీసి నడుముకి బిగించి కట్టుకుంది.

"ఏంటక్కా?" అన్నాను.

"నర్సింగ్ చదివేటప్పుడు బాల్ బ్యాడ్మింటన్ ఆడేదాన్నే. జిల్లా జట్టులో. ఆ పచ్చ ఊలు బంతి ఎంత జోరుగా వచ్చేదో తెలుసా? ఇది కాస్త గట్టిగా ఉంటుంది, అంతే కదా" అంది.

రెండేళ్ళు ఆవిడతో ఒకే గదిలో ఉన్నాను. ఆవిడ ఆటగత్తె అని నాకు ఆ నిమిషందాకా తెలియదు.

మగవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. కోచ్ మాత్రం తన టోపీ తీసి ఆవిడ చేతికిచ్చి, తోలు గ్లోవ్ ఎలా తొడుక్కోవాలో చూపించి, మైదానం కుడివైపు చివరకు పంపాడు. అటు బంతి తక్కువగా వస్తుందట.

బ్యాటింగ్‌కి ఆవిడ వంతు వచ్చినప్పుడు ఫిలిప్పీన్స్ జట్టు పిచర్, అంటే బంతి వేసేవాడు, చిన్నపిల్లలకి వేసినట్టు మెల్లగా వేశాడు. మర్యాద కోసమే. ఆవిడ బ్యాటు కదపలేదు. రెండోది కూడా అలాగే వేశాడు. ఆవిడ బ్యాటు కిందకి దించి, ఇంగ్లీషులో మెల్లగా అంది, "అందరికీ ఎలా వేస్తున్నావో నాకూ అలాగే వెయ్యి నాయనా. లేకపోతే నేను వచ్చి ఏం లాభం?"

అతను నాయకుడి వైపు చూశాడు. నాయకుడు తల ఊపాడు. తర్వాతి బంతి ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు వలకి తగిలిందో నాకు కనబడలేదు. ఆవిడకీ కనబడలేదనుకుంటాను. మూడుసార్లు గాలిని కొట్టి అవుటై, నవ్వుతూ వచ్చి నా పక్కన కూర్చుంది.

"చూపు అలవాటు పడాలే. ఇంకోసారి చూద్దాం" అంది.

ఇంకోసారి కొట్టింది. బంతి నేల మీద దొర్లుకుంటూ రెండో బేస్ పక్కనుంచి పోయింది. నలభై దాటిన మనిషి చూడీదార్‌లో మొదటి బేస్‌కి పరిగెడుతుంటే రెండు జట్లవాళ్ళూ చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత అవతలివాళ్ళు కొట్టిన బంతి ఒకటి నేరుగా కుడి చివరకు వచ్చింది. గ్లోవ్‌తో అందుకోవడం కుదరక ఆవిడ ముంగాలు అడ్డం పెట్టింది. ఆ చప్పుడు నాకిక్కడ వినబడింది. కుంటుకుంటూనే బంతి అందుకుని విసిరింది. నేను ఐసు పట్టుకుని పరిగెత్తబోతే చేత్తోనే వద్దని సైగ చేసింది.

ఆట చివరి విడతకి వచ్చింది. కోచ్ జట్టు ఒక్క పరుగు వెనకబడి ఉంది. ఇద్దరు అవుట్. డ్రైవరన్న ఎలాగో మూడో బేస్ దాకా చేరి, అక్కడ దుమ్ము దులుపుకుంటున్నాడు. ఇంకొకరు అవుటైతే ఆట ముగుస్తుంది. బ్యాటు అక్క చేతిలో ఉంది.

కొట్టింది. బంతి నేలబారుగా ఎలక్ట్రీషియన్ వైపు పోయింది. డ్రైవరన్న హోమ్ వైపు, అక్క మొదటి బేస్ వైపు పరుగు అందుకున్నారు. ఆవిడ చేరకముందే బంతి అక్కడికి చేరితే ఆవిడ అవుట్, డ్రైవరన్న పరుగూ చెల్లదు. ఎలక్ట్రీషియన్ వంగి బంతి తీశాడు. సరిగ్గా అప్పుడు సైరన్ మోగింది.

అంపైర్ ఈల ఊదాడు. అందరి తలలూ ఆకాశంలోకి లేచాయి. బంతి ఎవరి చేతిలోంచి ఎక్కడ పడిందో, ఎవరు ఎక్కడున్నారో ఎవరూ చూడలేదు. గోదాము వైపు పరిగెత్తాం.

లోపల చీకటిగా, రబ్బరు వాసనగా ఉంది. అందరం మాస్కులు బిగించుకున్నాం. మాస్కు వేసుకుంటే ఎవరి ఊపిరి వాళ్ళకే పెద్దగా వినబడుతుంది. అక్క ఒక్కొక్కరి దగ్గరకూ వెళ్ళి పట్టీలు లాగి చూసింది. కోచ్ మాస్కు ఒక పక్క వదులుగా ఉంటే సరిచేసింది. పిచర్ గోడకి ఆనుకుని కూర్చున్నాడు, మాస్కు పట్టీల్ని పదేపదే లాగి చూసుకుంటున్నాడు. ఊళ్ళో అతని భార్యకి ఈమధ్యే బిడ్డ పుట్టిందని ఆట ముందు ఎవరో చెప్పారు. అక్క వెళ్ళి అతని పక్కన నేల మీద కూర్చుని, అతని రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది. మాస్కుల్లో మాటలు వినబడవు. అలాగే పట్టుకుని కూర్చుంది. దూరంగా ఎక్కడో ఒక బరువైన చప్పుడైంది. నా పెదవులు వాటంతటవే ప్రార్థన చెప్పుకుంటున్నాయి. నా కళ్ళు మాత్రం ఆ పట్టుకున్న చేతుల మీదే ఉన్నాయి. అవి చూస్తుంటే నాకూ కాస్త ఊపిరి ఆడింది.

చాలాసేపటికి ప్రమాదం లేదన్న సైరన్ వచ్చింది. మాస్కులు తీసి వెలుగులోకి వచ్చాం. ఇక ఇళ్ళకి పోతారనుకున్నాను. ఎవరూ కదల్లేదు. అంపైర్ ఫోనులో మాట్లాడి వచ్చి, "ఎండ ఉంది. ముగించుకోవచ్చు. కానీ ఎక్కడినుంచి మొదలుపెట్టాలి?" అన్నాడు.

అక్కడ మొదలైంది వాదన. ఆవిడ బేస్ చేరిందని కోచ్ జట్టులో ఒకరు, చేరలేదని అవతలివాళ్ళలో ఒకరు. అంపైర్ దాచకుండా చెప్పాడు, "నేను చూడలేదు. ఈల ఊదేటప్పుడు నా కళ్ళు పైన ఉన్నాయి. సిస్టర్, మీరే చెప్పండి."

అక్క మొదటి బేస్ దగ్గరకు నడిచి, దానికి నాలుగు బారల ఇవతల ఆగింది.

"ఇక్కడున్నాను. చేరలేదు" అంది.

మా జట్టులో ఎవరో నిట్టూర్చారు. అప్పుడు ఎలక్ట్రీషియన్ ముందుకొచ్చాడు. "ఆమె చేరలేదు, నిజమే. కానీ బంతి నా వేళ్ళలో సరిగా కుదరలేదు. నేను విసిరేలోపు ఆమె చేరిపోయేది" అన్నాడు.

అంపైర్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఇద్దరూ తమ జట్టుకి నష్టమయ్యే మాటే చెప్పారు. ఆయన టోపీ సర్దుకుని, "అయితే ఆ బంతి లెక్కలో లేదు. మళ్ళీ వేయండి" అన్నాడు.

"ఉరికిన పరుగు మళ్ళా ఉరకాల్నా?" అని గొణుక్కుంటూ డ్రైవరన్న మూడో బేస్‌కి వెళ్ళాడు.

పిచర్ బంతి అందుకున్నాడు. ఇంతసేపూ తన చేతులు పట్టుకుని కూర్చున్న మనిషికి ఇప్పుడు బంతి వేయాలి. మెల్లగా వేస్తాడేమోనని నాకు అనుమానం వచ్చింది. వేయలేదు. ఆ రోజు వేసిన వాటిలో అదే జోరైన బంతి అని తర్వాత కోచ్ అన్నాడు. అక్క భుజాలు తిప్పి కొట్టింది. టప్ మని వచ్చిన ఆ చప్పుడు మైదానం అంతా వినబడింది. బంతి నేల తాకకుండా సూటిగా, బల్లెంలా మూడో బేస్ వైపు దూసుకుపోయింది. అక్కడున్న మనిషి పట్టుకోవాలని పట్టుకున్నాడో, మొహం కాపాడుకోవాలని గ్లోవ్ అడ్డం పెట్టాడో తెలియదు. బంతి గ్లోవ్‌లో ఉండిపోయింది. అతను రెండడుగులు వెనక్కి పడ్డాడు.

ఆట అయిపోయింది. కోచ్ జట్టు ఒక పరుగు తేడాతో ఓడింది.

నేను మందుల పెట్టె తీసుకుని మూడో బేస్ దగ్గరకు పరిగెత్తాను. బంతి పట్టినతని అరచేయి ఎర్రగా కందిపోయింది. ఐసు పెడుతుంటే అక్క వచ్చి వేళ్ళు ఒక్కొక్కటీ వంచి చూసి, "విరగలేదులే, పొద్దున్నకి తగ్గిపోద్ది" అని అతనికి అర్థంకాని తెలుగులో చెప్పింది. అతను మరో చేత్తో తన టోపీ తీసి ఆవిడకు చూపించి తల వంచాడు.

కోచ్ మెల్లగా నడుచుకుంటూ మా దగ్గరకు వచ్చాడు. "మా నాన్న ఉంటే ఈ ఆట గురించి చెప్పేవాణ్ణి. ఇంతకంటే గట్టిగా ఎవరూ కొట్టలేరు సిస్టర్" అన్నాడు.

"కొట్టడం వరకే నా చేతిలో ఉంది" అంది అక్క.

తిరిగి వస్తుంటే డ్రైవరన్న దారిపొడుగునా అదే ఆలోచిస్తున్నాడు. చివరికి అద్దంలోంచి వెనక్కి చూసి అడిగాడు, "సిస్టరమ్మా, బేసు చేరినానని నువ్వు చెప్పింటే ఎవురు కాదంటారు? అంపైరు కూడా సూల్యా. అప్పుడు నా పరుగన్నా మిగిలేది."

"చేరలేదు కదా అన్నయ్యా మరి" అంది, అదేదో పెద్ద సంగతి కానట్టు. తర్వాత కిటికీలోంచి చూస్తూ, "ఆ ఫిలిప్పీన్స్ ఆయన చూశావా? గెలిచే ఆటలో అలా చెప్పడానికి ఎంత పెద్ద మనసుండాలి" అంది. తను చేసింది కూడా అదేనని ఆవిడకు తోచనే లేదు. నేను ఆవిడ మొహం చూశాను. నిజంగానే తోచలేదు.

ఆ సాయంత్రం ఆవిడకి డ్యూటీ ఉంది. స్నానం చేసి, తెల్ల యూనిఫాం వేసుకుని, ముంగాలి వాపుకి తానే పట్టీ చుట్టుకుని క్లినిక్‌కి వెళ్ళింది. సైరన్‌కి కంగారుపడి మెట్ల మీద జారిపడ్డ ఒకాయన వచ్చాడు. ఆయన మడమకు కట్టు కడుతూ ఆవిడ చెప్పిన మాటలు పక్క గదిలోకి వినబడుతున్నాయి. ఆట గురించి ఒక్కటీ లేదు. పిల్లలెంతమంది, ఏ ఊరు, ఇంటికి ఫోను చేశారా, అవే.

ఆ సీజన్‌లో మిగిలిన ఆటలు జరగలేదు. యుద్ధం సద్దుమణిగేసరికి ఎండలు వచ్చేశాయి. ఆ వేసవిలోనే కోచ్ పదవీ విరమణ చేసి వాళ్ళ దేశం వెళ్ళిపోయాడు. పోయేముందు క్లినిక్‌కి వచ్చి అక్కకి ఒక కొత్త గ్లోవ్ ఇచ్చాడు, ఆవిడ చేతి కొలతకి తెప్పించింది. ఆవిడ దాన్ని చాలాసేపు తిప్పి తిప్పి చూసి, "ఇది ఉట్టినే మూలన పెట్టుకోవడానికి కాదు కదా" అంది నాతో.

చలి మొదలవగానే ఎలక్ట్రీషియన్ మా క్లినిక్‌కి వచ్చాడు. ఒంట్లో బాగోక కాదు, తన జట్టులోకి అక్కని పిలవడానికి. ఆవిడ వెళ్ళింది. ఒక్క ఏడాది కాదు, కొన్నేళ్ళు వరసగా ఆడింది. ఆవిడని చూసి ఇద్దరు ఫిలిప్పీన్స్ నర్సులు చేరారు, తర్వాత ఒక కేరళ అమ్మాయి. నేనూ ఒక సీజన్ ప్రయత్నించాను. బంతి వస్తుంటే కళ్ళు మూసుకునే అలవాటు పోక మళ్ళీ మందుల పెట్టె దగ్గరకే వచ్చేశాను.

అక్క గొప్ప ఆటగత్తె అని నేను చెప్పను. బ్యాటు పట్టినన్నిసార్లలో ఎక్కువసార్లు అవుటే అయింది. అవుటైన ప్రతిసారీ బంతి ఎక్కడ తప్పిందో పిచర్‌నే అడిగి తెలుసుకునేది. మళ్ళీ శుక్రవారం ప్రార్థన ముగిసీ ముగియగానే, చున్నీ నడుముకి కట్టుకుని, వ్యాను ఎక్కి నా కోసం హారన్ కొట్టించేది.